ఎగురని పక్షుల చరిత్ర – నాలుగవ భాగము: చేమమడుగు ఎముకలు

గడచిన భాగములలో మనము పరిచయము చేసికొన్న ఉష్ట్రపక్షి, ఈమూ, కాసోవరీ మొదలగునవి విశాలభూములలో పుట్టి, పొంచియుండు శత్రువుల నడుమ పెరిగినవి. రెక్కల ప్రయోజనమును విడిచినను కాళ్లయందు బలమును సంపాదించుకొని, ఒకటి గంటకు 70 కిలోమీటర్ల వేగముతో సింహమును వెనుకబెట్టుచు, మరియొకటి కఠారివంటి గోటితో ఎదురుతిరిగి తన్నుచు, నేటికిని బ్రతికియున్నవి. ఈ భాగమున చెప్పబోవు పక్షి వాని కోవలోనిది కాదు. అది రెక్కలను విడిచెను. దానికి మారుగా శత్రువును చూచి తొలగిపోవు భీతిని అలవరచుకొనలేదు. లక్షల సంవత్సరముల కాలము దానికి అట్టి అవసరమే కలుగలేదు. మనుష్యుడు దానిని చూచిన తరువాత నూరు సంవత్సరములైనను గడువకమునుపే అది భూమిపైనుండి తొలగిపోయెను. పోయినదానికి మనుష్యుడు మందబుద్ధి యను పేరు పెట్టెను. ఆ పేరు అన్యాయమని చెప్పుటకే నేను ఈ భాగమును డోడో కొఱకు ప్రత్యేకించితిని.

మడగాస్కరు ద్వీపమునకు తూర్పుగా 800 కిలోమీటర్లకు పైబడిన దూరములో, హిందూమహాసముద్ర మధ్యమున, అగ్నిపర్వతములు క్రక్కిన లావా గట్టిపడి యేర్పడిన మారిషసు దీవి కలదు. దాని వయస్సు సుమారు 80 లక్షల సంవత్సరములు. వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. అనగా మన పెద్ద జిల్లాలకు సాటిరాని నేల. ఇంత దూరపు దీవికి నడచి వచ్చుటకు దారిలేదు; ఈది వచ్చినవి తాబేళ్లు, ఎగిరి వచ్చినవి పక్షులును గబ్బిలములును. గబ్బిలములు తప్ప వేరొక స్తన్యజంతువు, పిల్లి గాని, ముంగిస గాని, ఎలుక గాని, అచ్చట లేదు. మన తునికి చెట్టునకు దగ్గరి చుట్టమైన నల్లచేవ మ్రాకులు దట్టముగా పెరిగిన ఆ యడవులలో, నేలపై రాలిన పండ్లను తినుచు పెద్ద పెద్ద తాబేళ్లు మందలుగా తిరుగుచుండెను. ఆ నేలమీదికి ఏనాడో ఆగ్నేయాసియా దిక్కునుండి, దీవినుండి దీవికి దాటుచు, ఒక పావురపు జాతి వచ్చి వ్రాలెను.

డోడో పావురమే. ఈ మాట వినగనే నేటి పాఠకుడు నవ్వుకొనవచ్చును. 1840వ దశకములో డెన్మార్కు పండితుడు రైన్‌హార్టు ఈ సంగతి చెప్పినప్పుడును మొదట నవ్విరి. మీటరు ఎత్తు, పది మొదలు పదునెనిమిది కిలోగ్రాముల బరువు, వంకర తిరిగిన పెద్ద ముక్కు, పేరునకు మాత్రమే మిగిలిన రెక్కలు గల ఆ పక్షికిని, మన గుడిగోపురముల సందులలో కువకువలాడు పావురమునకును ఏమి సంబంధమని తోచుట సహజమే. అయినను పుఱ్ఱె నిర్మాణము చూచి 1848లో స్ట్రిక్లండు, మెల్విలు అను ఇరువురు శాస్త్రజ్ఞులు తమ గ్రంథమున ఈ బంధుత్వమును స్థిరపరచిరి. 2002లో ఆక్స్‌ఫర్డునందలి అవశేషమునుండి గ్రహించిన జన్యుపదార్థము దానిని ధ్రువపరచుటయే గాక, నేడు బ్రతికియున్న పక్షులలో డోడోకు మిక్కిలి దగ్గరి బంధువు నికోబారు పావురమని తేల్చెను. మన దేశపు నికోబారు దీవులు మొదలుకొని పసిఫిక్కు సముద్రమునందలి దీవులవరకు వ్యాపించియున్న ఆ పక్షి, ఆకుపచ్చని లోహకాంతితో మెఱయుచు, మెడచుట్టు జూలువలె ఈకలు వ్రేలాడుచుండగా, నేలమీదనే మేత యేరుకొనును, కాని ఎగురగలదు.

ఎగురగలిగినది ఎగురుట ఏల మానెను? ఎగురుట ఉచితముగా లభించు వరము కాదు. పావురమునకు రొమ్ముకండలే శరీరపు బరువులో ఐదవ వంతునకు తక్కువ కావు. వానిని పెంచుటకును, పోషించుటకును, నిత్యము సిద్ధముగా నుంచుటకును అది తిన్న తిండిలో గొప్పభాగము వెచ్చింపవలెను. శత్రువు లేనిచోట, మేత నేలపైననే రాలుచున్నచోట, ఆ వెచ్చము వ్యర్థము. రెక్కకండ కొంచెము తగ్గి, పొట్టయు కాళ్లును కొంచెము పెరిగిన పిల్ల కఱవుకాలములో తక్కినవానికంటె ఎక్కువ నిలువగలిగెను, వేల తరములు ఇట్లే జరుగగా, రొమ్ముటెముకపై నిలువుగా లేచియుండవలసిన గట్టు అణగిపోయెను, రెక్క మొండియయ్యెను, దేహము బరువెక్కెను. ఇది సోమరితనము కాదు, క్షీణత కాదు. ఆ దీవి విధించిన షరతులకు ఆ పక్షి చేసికొన్న ఉత్తమమైన సర్దుబాటు. గట్టి పండ్లను గింజలను నలుగగొట్టుటకు అది కందనకాయలో రాళ్లను మ్రింగి దాచుకొనెడిది. నేలపై గూటిలో ఒకే గ్రుడ్డు పెట్టెడిది. ఒక్క గ్రుడ్డు చాలునన్న ధైర్యము ఆ నేలమీద సమంజసమే.

అరబ్బు నావికులు ఆ దీవి నెఱుగుదురు. పదునారవ శతాబ్ది ఆరంభమునుండి పోర్చుగీసువారును అప్పుడప్పుడు చూచిరి. ఎవ్వరును అచ్చట నిలువలేదు. 1598 సెప్టెంబరులో వైబ్రాండ్ వాన్ వార్విక్ అను డచ్చి నావికాధిపతి ఓడలు ఆగ్నేయ తీరమున లంగరు వేసెను. తమ రాజకుమారుడు మారిట్సు పేర ఆ దీవికి మారిషసని పేరిడిన ఆ నావికులు, మనుష్యుని చూచి పారిపోక నిలుచు పక్షులను కఱ్ఱలతో కొట్టి పట్టుకొనిరి. ఎంత ఉడికించిన అంత గట్టిపడు దాని మాంసమునుబట్టి దానిని 'వాల్గ్‌వోగెల్' అనగా రోతపక్షి అనిరి. రొమ్ముమాంసము మాత్రము బాగుండెనని తామే వ్రాసికొనిరి. పావురములును చిలుకలును అంతకంటె రుచిగా దొరకుచుండగా, డోడోను వారు ప్రధానాహారముగా ఎంచలేదనుట ఇందువలన స్పష్టము.

1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఏర్పడెను. 1605లో మన మచిలీపట్టణములో కోఠీ నెలకొల్పి, కృష్ణా గోదావరీ మండలముల చీరలను రంగుబట్టలను తూర్పుదీవులకు ఎగుమతి చేసినది ఈ కంపెనీయే. మంచినీటికిని, తాబేటిమాంసమునకును మారిషసు తీరమున ఆగినవి ఆ కంపెనీ ఓడలే. మన తీరపు నేతగాని బట్టకును, ఆ దీవి పక్షి చావునకును ఒకే వాణిజ్యమార్గము సాక్షిగా నిలిచెనని తలచునప్పుడు నాకు చరిత్ర యెంత చిక్కుపడిన నూలో యను విస్మయము కలుగును.

1638లో ఆ కంపెనీ దీవిపై వలస నెలకొల్పి నల్లచేవ కలప నఱికించుట కారంభించెను. కాని నా యభిప్రాయమున డోడో వధకు ప్రధానకర్త గొడ్డలి పట్టిన మనుష్యుడు కాదు. కఱ్ఱ పట్టిన నావికుడును కాదు. ఓడల అడుగుననుండి దిగిన ఎలుకలును, మాంసము కొఱకు విడిచిన పందులును, నావికుల వెంట వచ్చిన కోతులును నేలమీది గూళ్లను వెదకుట మరగినవి. ఎలుక కొఱికివేసిన గ్రుడ్డునకు మరియొకటి లేదు, ఏడాదికి ఒక్కటే. ముసలిపక్షులు అడవిలో తిరుగుచునే యుండెను. చూచువారికి జాతి సుఖముగనే యున్నట్లు తోచెను. వాని వెనుక పిల్లలు లేరు. వేటగాని తుపాకికి చప్పుడున్నది, ఎలుక పంటికి లేదు. ఈ నిశ్శబ్దవినాశమునకు కాపలా పెట్టవలెనను తలంపు ఆ శతాబ్దములో ఎవరికిని కలుగకపోవుట ఆశ్చర్యము కాదు గాని, మన కాలములోను పలుదీవులలో అదే పంటిచప్పుడు వినబడకుండ సాగుచున్నది.

1662లో ఆర్న్‌హెమ్ అను ఓడ పగిలి మారిషసు చేరిన నావికులలో ఫోల్‌కెర్ట్ ఎవర్ట్స్ అనువాడొకడు. పోటు తీసినప్పుడు నడచి చేరదగిన ఒక చిన్నతిప్పపై వారు కొన్ని డోడోలను చూచిరి. ఒకదాని కాలు పట్టుకొనగా అది ఆక్రోశించెను. ఆ యార్తనాదము విని తక్కినవి పారిపోక, పట్టువడినదానికి తోడ్పడుటకై పరుగెత్తుకొనివచ్చి తామును పట్టువడినవి. సందేహమునకు తావు లేకుండ బ్రతికియున్న డోడోను చూచినట్లు మిగిలిన చివరి వ్రాత ఇదియే. ఆ దీవిపై ఎఱ్ఱని గుడ్డను చూచిన దగ్గరకు వచ్చు మరియొక ఎగురలేని పక్షి, ఎఱ్ఱ నీటికోడి జాతి, ఉండెననియు, డోడో పోయిన పిమ్మట దాని పేరు దీనికి సంక్రమించెననియు కొందఱు పండితుల మతము. అందువలన 1680వ దశకపు వేటలెక్కలలో కానవచ్చు డోడో పేరును నమ్ముట కష్టము. అంతరించిన సంవత్సరము 1662 అని యొకరు, గణితరీతిని లెక్కించి 1690 ప్రాంతమని యొకరు చెప్పుదురు. నాకు ఆ వివాదముకంటె తోటిపక్షి ఆక్రోశమునకు పరుగెత్తివచ్చిన ఆ పక్షులే యెక్కువ జ్ఞాపకమునకు వచ్చును. వానిని బుద్ధిహీనములనుటకు నా నోరు రాదు.

దీవిని విడిచి ప్రయాణము చేసిన డోడోలును కొన్ని గలవు. 1638 ప్రాంతమున లండను నగరమున ఒక యింటిముందు వింతపక్షి బొమ్మను గీసిన గుడ్డ వ్రేలాడుచుండగా, హేమన్ లెస్ట్రేంజి అను పెద్దమనిషి లోనికి పోయి సజీవమైన డోడోను చూచెను. దాని గదిలో రాళ్ల కుప్ప ఉండెననియు, తన కన్నులయెదుట అది వానిని మ్రింగెననియు వ్రాసెను. మన దేశమునకును అవి వచ్చినవి. పీటర్ మండీ అను ఇంగ్లీషు వర్తకుడు 1628కిని 1634కిని నడుమ తాను సూరతులో నున్నప్పుడు రెండు డోడోలను చూచితినని తన దినచర్యలో వ్రాసికొనెను.

అంతకు మించిన సాక్ష్యము ఒకటి కలదు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున భద్రపఱుపబడిన ఒక మొగలు చిత్రపటము, జహంగీరు పాదుషా ఆస్థానమున 1625 ప్రాంతమున వ్రాయబడినది, ఉస్తాద్ మన్సూరు కుంచెదని చెప్పబడునది, 1950వ దశకమున పండితుల దృష్టికి వచ్చెను. పశుపక్ష్యాదులను చిత్రించుటలో ఆ కాలమున మన్సూరునకు సాటి లేదు. పాదుషా వానికి 'నాదిర్-ఉల్-అస్ర్' అనగా యుగమునకు అపూర్వుడను బిరుదు నొసగెను. ఆ పటమున నాలుగు మూలల మన దేశపు కొండకోడి, నెత్తిపై గీతలు గల బాతు, ఇసుకకోడి మొదలగునవి యుండగా, నడుమ డోడో నిలిచియున్నది. తక్కిన పక్షులను మనము నేడును కన్నులతో చూచి సరిపోల్చుకొనవచ్చును. ఒక్కొక్క యీక సరిగా నున్నది. అందుచేత నడుమనున్న డోడోను గూడ నమ్మవచ్చునని శాస్త్రజ్ఞుల తీర్పు. అది గోధుమవన్నెది, పొట్ట ఉబ్బినది కాదు, నిటారుగా నిలిచిన, చూపు చుఱుకైన పక్షి.

ఐరోపాలో మాత్రము వేఱు బొమ్మ స్థిరపడెను. రూలాంట్ సావెరీ మొదలగు చిత్రకారులు గీసిన పటములలో డోడో కొవ్వెక్కి, పొట్ట నేలను తాకునట్లు, నడువలేక నిలిచియున్నది. బోనులో మేపబడిన పక్షిని చూచియో, గడ్డి కూరిన చర్మమును చూచియో, ఒకరి బొమ్మ చూచి మరియొకరు గీసియో ఆ రూపము లోకమున ప్రచారమయ్యెను. 1766లో లిన్నేయసు దానికి శాస్త్రీయనామము పెట్టునప్పుడు 'ఇనెప్టస్' అనగా చేతకానిది అను విశేషణమును చేర్చెను. పోర్చుగీసు భాషలో వెఱ్ఱివాడని యర్థమిచ్చు మాటనుండి డోడో పేరు పుట్టెనని కొందఱును, డచ్చి భాషలో తోకకుచ్చును సూచించు మాటనుండి పుట్టెనని కొందఱును చెప్పుదురు. లోకము మొదటి యర్థమునే మెచ్చికొనెను. ఒకరి యింటికి పోయి, వారిని నాశనము చేసి, వారు తెలివిలేనివారు గనుక నశించిరనుట మనుష్యజాతికి క్రొత్త కాదు. 2016లో డోడో పుఱ్ఱెలోపలి ఖాళీని ఎక్స్‌రే కిరణములతో కొలిచి చూడగా, దేహమునకు తగిన పరిమాణము గల మెదడే దానికున్నదనియు, తక్కిన పావురములకంటె అది తెలివిలో తక్కువ కాదనియు, వాసనను పట్టు భాగము పెద్దదనియు తేలినది.

ఇచ్చట దాని దాయాదిని ఒక్కమాట స్మరింపవలెను. మారిషసునకు తూర్పున నున్న రోడ్రిగ్స్ దీవిపై 'సాలిటేర్' అనగా ఏకాకి యను మరియొక ఎగురలేని పావురము ఉండెను. మతపీడకు గుఱియై ఫ్రాన్సు విడిచిన ఫ్రాంస్వా లెగా అను ప్రొటెస్టెంటు 1691 మొదలు 1693 వరకు కొలది తోటివారితో ఆ నిర్జనద్వీపమున నివసించి, దాని నడక హుందాతనమును, జంటలు ఒకదానికొకటి కట్టుబడియుండుటను, ఒక్కగ్రుడ్డును ఇరువురును పొదుగుటను మిక్కిలి ప్రేమతో వర్ణించెను. చాలకాలము వానిది కట్టుకథ యనిరి. తరువాత ఆ దీవి గుహలలో దొరికిన ఎముకలు, రెక్కపై పోరాటమునకు పనికివచ్చు బొడిపెతో సహా, వాని మాటను నిజము చేసినవి. ఆ పక్షియు పదునెనిమిదవ శతాబ్దిలోనే పోయెను.

డోడో విషయమునను అట్లే జరిగెను. లండనులోని ట్రేడ్‌స్కంట్ కుటుంబపు వింతవస్తువుల కొట్టునుండి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చేరిన ఒక డోడో కళేబరము, 1755 నాటికి పురుగుపట్టి పాడైపోగా, తలయు ఒక పాదమును మాత్రమే మిగిలినవి. (2018లో ఆ తలను పరీక్షింపగా వెనుకభాగమున సీసపు గుండ్లు నాటుకొనియుండుట కనుగొనిరి.) ఆ తల, ఆ పాదము, కోపెన్‌హేగనులో ఒక పుఱ్ఱె, మఱికొన్ని తునకలు: పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమునాటికి డోడోకు మిగిలిన ఆస్తి ఇంతే. అట్టి పక్షి యెన్నడును లేదని వాదించినవారును గలరు. మారిషసులో మహెబూర్ పట్టణమున బడిపంతులైన జార్జి క్లార్కు మాత్రము ముప్పది యేండ్లకు దరిదాపుగా దాని ఎముకల కొఱకు వెదకుచునే యుండెను.

1865లో రైలుదారి నిర్మించు ఇంజనీరు హారీ హిగ్గిన్సన్ ఒక ఉదయమున కట్టవెంట నడచిపోవుచు, ఒక మడుగులో నల్లమన్ను త్రవ్వుచున్న కూలీలు ఎముకలను వేఱుచేసి కుప్పలు పెట్టుచుండుట చూచి ఆగెను. వానిలో కొన్నిటిని క్లార్కునొద్దకు కొనిపోయెను. ఆ మడుగు పేరు 'మార్ ఓ సోంజ్'. సోంజ్ అనగా మనము పులుసు పెట్టుకొను చేమ. కావున తెలుగున దానిని చేమమడుగనవచ్చును. క్లార్కు కొందఱు మనుష్యులను మొలలోతు నీటిలోనికి దింపెను. వారు బురదలో పాదములతో తడవి తడవి ఎముకలను గుర్తించి పైకి తీసిరి. మొట్టమొదట దొరికినది డోడో కాలియెముక. తరువాత నీటిపై దట్టముగా తేలుచున్న గడ్డిని కోసివేయగా, అడుగున అనేక డోడోల ఎముకలు రాశులుగా బయటపడినవి. అవి లండను చేరి, 1866లో రిచర్డు ఓవెన్ చేత వర్ణింపబడి, నేడు పలుదేశముల ప్రదర్శనశాలలలో నిలిచిన అస్థిపంజరములలో అధికభాగమయ్యెను.

ఆ కూలీలు ఎవరు? 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడలో 36 మందితో ఆరంభమైన ఒప్పందపు కూలీల వలస, 1920 నాటికి నాలుగున్నర లక్షల భారతీయులను ఆ దీవికి చేర్చెను. క్లార్కు కాలమునాటికే జనాభాలో సగమునకు మించి భారతీయులే. వారిలో మన కోరంగి రేవునుండి ఓడ యెక్కినవారుండుటచేతనే మారిషసులో తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చెను. డచ్చివాడు కొట్టి నఱికివేసిన నేలమీద ఫ్రెంచివారును ఇంగ్లీషువారును చెఱకు నాటించిరి; ఆ చెఱకునకు చెమటయిచ్చినవారు మనవారు; ఆ మన్నులోనుండి డోడోను మరల పైకి తెచ్చినవి అట్టి శ్రామికుల చేతులు. మంచి స్థితిలోనున్న సహజారణ్యము నేడు ఆ దీవిలో నూటికి రెండు వంతులును లేదు.

మలేరియా నివారణకై ఇరువదవ శతాబ్దిలో ఆ మడుగును రాళ్లతో పూడ్చిరి. 2005లో డచ్చి, మారిషసు శాస్త్రజ్ఞులు దానిని తిరిగి త్రవ్వి, సుమారు 4,200 సంవత్సరముల క్రిందటి అనావృష్టిలో నీటికై వచ్చి కూలిన డోడోలు, తాబేళ్లు మొదలగువాని ఎముకలపొర అడుగున ఇంకను మిగిలియున్నదని కనుగొనిరి. అట్టి అనావృష్టిని దాటి మఱి నాలుగువేల యేండ్లు బ్రతికిన జాతి, ఓడ యెలుకలను నూరేండ్లు దాటలేకపోయెను.

ఉగాది నేడు మారిషసులో ప్రభుత్వపు సెలవుదినము. ఆ పండుగకో, బంధువులను చూచుటకో అచ్చటికి పోవు తెలుగు పాఠకులకు నా విన్నపము ఒక్కటే. విమానము దిగిన తావునకు కొలదిదూరముననే ఆ చేమమడుగున్నది. ఒక పూట తీరిక చేసికొని, వెళ్లి చూడుడు.